ఇంట్లో పాట రికార్డు చేయడానికి ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలి?

మైకు కొన్నారు, మైకు శబ్దాన్ని కంప్యూటర్‌కి అందించే ఇంటర్‌ఫేస్ కొన్నారు, హెడ్‌ఫోన్స్ కూడా వచ్చేశాయి, ఇక సాఫ్ట్‌వేర్ దగ్గరకి వచ్చి ఆగిపోయారు. యూట్యూబ్‌లో ఒకాయన ఫలానాదే బెస్ట్ అంటాడు, తర్వాతి వీడియోలో ఇంకొకాయన అదే శుద్ధ దండగ అంటాడు. ముందే ఒక మాట చెప్పేస్తాను, పాట వినిపించే తీరుకీ సాఫ్ట్‌వేర్ పేరుకీ పెద్ద సంబంధం లేదు. అదే మైకు, అదే గది, అదే గొంతు అయితే క్యూబేస్‌లో రికార్డు చేసినా రీపర్‌లో చేసినా ఫైల్లోకి ఎక్కేది ఒకటే. తేడా అంతా పని చేసుకునే తీరులో, జేబులో, మీ కంప్యూటర్ ఓపికలో ఉంటుంది. అందుకని ముందు తేల్చుకోవాల్సింది మీ పాట దేనితో మొదలవుతుంది అన్నది.

గొంతుతోనో, వీణతోనో, గిటార్‌తోనో, అంటే మైకు ముందు మొదలయ్యే పాటలకి ఒక దారి. బీటుతో, కీబోర్డు మీద వేళ్ళతో మొదలయ్యే పాటలకి ఇంకో దారి. మన వైజాగ్ ఎంవీపీ కాలనీ ఫ్లాట్‌లో తలుపులు వేసుకుని కీర్తనలు పాడి పెట్టే ఆవిడకీ, గాజువాకలో పెళ్ళి ఊరేగింపులకి డీజే మిక్స్‌లు కట్టే కుర్రాడికీ ఒకే సాఫ్ట్‌వేర్ సిఫార్సు చేసేవాళ్ళ మాట నమ్మకండి.

బీటు వాళ్ళ సంగతి ముందు తేల్చేద్దాం, అక్కడ పెద్ద తికమక లేదు. ఎఫ్ఎల్ స్టూడియో తీసుకోండి. 1997లో ఫ్రూటీలూప్స్ పేరుతో మొదలైన బెల్జియం సాఫ్ట్‌వేర్ అది, ఒక్కసారి కొంటే ఆ తర్వాత వచ్చే వెర్షన్లన్నీ ఉచితం. వరుసగా ఉన్న గళ్ళు నొక్కుకుంటూ పోతే కాసేపట్లో డ్రమ్ము పాటర్న్ తయారు. కానీ కొనేటప్పుడు ఒకటి చూసుకోండి, అన్నిటికంటే చవకైన ఫ్రూటీ ఎడిషన్‌లో మైకు నుంచి గొంతు రికార్డు చేసి ప్లేలిస్ట్‌లో, అంటే పాట ముక్కలు వరుసగా పెట్టే తెర మీద, పేర్చుకోవడం కుదరదు, దానికి ప్రొడ్యూసర్ ఎడిషన్ కావాలి. ధర చూసి చవకది కొనేస్తే చేతి చమురు వదలడమే. ట్రయల్ వెర్షన్‌కి గడువు లేదు, ప్రాజెక్టు సేవ్ కూడా అవుతుంది, కాకపోతే సేవ్ చేసినదాన్ని కొనేదాకా మళ్ళీ తెరవనివ్వదు, కాబట్టి పరీక్షగా ఏం చేసినా ఒకే కూర్చుడులో పూర్తి చేసి వేవ్ ఫైల్‌గా బయటికి తీసేయండి. స్టేజీ మీద లూపులు (మళ్ళీ మళ్ళీ తిరిగే ముక్కలు) ఒకదాని మీద ఒకటి వేస్తూ వాయించాలనుకుంటే ఏబుల్టన్ లైవ్ చూడండి, దాని పుట్టుకే ఆ పనికోసం.

ఇక మైకు వాళ్ళ దగ్గరికి వద్దాం. మొహమాటం లేకుండా చెప్పాలంటే, విండోస్ కంప్యూటర్ ఉన్న మామూలు మనిషికి నా ఓటు రీపర్‌కే. పాటలు వినే వినాంప్ సాఫ్ట్‌వేర్ తయారు చేసిన జస్టిన్ ఫ్రాంకెల్ దీన్నీ తయారు చేశాడు. డౌన్‌లోడ్ చిన్నది, పాత ల్యాప్‌టాప్‌లో కూడా కిక్కురుమనకుండా నడుస్తుంది, 60 రోజులు ఏ ఫీచరూ దాచకుండా మొత్తం వాడుకోనిస్తుంది. సొంతానికి వాడుకునేవాళ్ళకీ, దాని మీద ఏడాదికి 20,000 డాలర్లు దాటని రాబడి ఉన్నవాళ్ళకీ లైసెన్సు 60 డాలర్లు, దాటితే 225 డాలర్లు, సాఫ్ట్‌వేర్ మాత్రం రెండిటికీ ఒకటే. 60 డాలర్లంటే మన డబ్బుల్లో ఐదు వేల పైచిలుకు, పన్ను వేరు. ఇప్పుడు 7వ వెర్షన్‌కి కొన్న లైసెన్సు 8.99 దాకా పని చేస్తుంది.

లోపం లేదా అంటే ఉంది. తెరవగానే బూడిద రంగు బోసి తెర, లోపల పియానో లేదు, డ్రమ్స్ లేవు, వయొలిన్ అసలే లేదు. శబ్దానికి మెరుగులు దిద్దే ఈక్వలైజర్, కంప్రెసర్, రివర్బ్ లాంటివి మాత్రం సరిపడా ఉన్నాయి. వాద్యాల శబ్దాలు మీరే తెచ్చుకోవాలి, స్పిట్‌ఫైర్ వాళ్ళ ల్యాబ్స్, వైటల్ అనే సింథ్ (ఎలక్ట్రానిక్ వాద్యం), కాంటాక్ట్ ప్లేయర్ లాంటివి ఉచితంగా దొరుకుతాయి. మొదటి వారం కాస్త విసుగు పుడుతుంది, ఓర్చుకోవాలి.

ఇంట్లో మ్యాక్ ఉంటే ఇంత ఆలోచనే అక్కర్లేదు. గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం, ముందు దానితో చేసుకోండి, సరిపోకపోతే అవే ప్రాజెక్టులు లాజిక్ ప్రోలో తెరుచుకుంటాయి. లాజిక్‌కి 90 రోజుల ట్రయల్ ఉంది, వాద్యాల శబ్దాలు పదుల జీబీలు దానితోనే వస్తాయి. ఒకప్పుడు లాజిక్ విండోస్‌కి కూడా వచ్చేది, 2002లో ఆపిల్ ఆ కంపెనీని కొనేశాక విండోస్ వాళ్ళకి తలుపు మూసేసింది. దాని కోసమే మ్యాక్ కొందామా అని అడిగేవాళ్ళకి నా జవాబు, వద్దు.

క్యూబేస్, ప్రో టూల్స్ పేర్లు సినిమా స్టూడియోల్లో వినిపిస్తాయి కాబట్టి అవే కావాలని చాలామంది పట్టుబడతారు. క్యూబేస్ మంచిదే, మిడీ (కీబోర్డు మీద నొక్కిన స్వరాల సమాచారం) పనికీ ఆడియో పనికీ రెండిటికీ గట్టిది, ఇవాళ చాలా ప్లగిన్లకి (సాఫ్ట్‌వేర్‌కి తగిలించుకునే అదనపు వాద్యాలు, ఎఫెక్టులకి) ఆధారమైన వీఎస్‌టీ పద్ధతిని 1996లో తెచ్చింది కూడా దాన్ని తయారు చేసే స్టైన్‌బర్గ్ కంపెనీయే. ప్రో టూల్స్‌లో ఇంట్రో అని ఉచిత వెర్షన్ ఉంది, 8 ఆడియో ట్రాకులు ఇస్తుంది. రేపు పెద్ద స్టూడియోలో ఇంజినీరుగా చేరాలనుకుంటే ఇప్పటినుంచే దాంట్లో చెయ్యి తిప్పడం మంచిది, లేదంటే నెత్తిన పెట్టుకోవాల్సిన పని లేదు. అన్నట్టు, మీ ఇంటర్‌ఫేస్ డబ్బాలో వచ్చిన కాగితాలు పారేశారా? వాటిలో క్యూబేస్ ఎల్ఈ, ఏబుల్టన్ లైవ్ లైట్ లాంటి చిన్న వెర్షన్ల కోడ్ ఉంటుంది చాలాసార్లు, ఇంటర్‌ఫేస్‌ని కంపెనీ సైట్‌లో రిజిస్టర్ చేస్తే వస్తుంది. డబ్బులు పెట్టేముందు అది చూసుకోండి.

ఆడాసిటీ గురించి అడుగుతారని తెలుసు. ఉచితం, నమ్మకమైనది, ప్రవచనం రికార్డు చేయడానికో పాత క్యాసెట్ కంప్యూటర్‌లోకి ఎక్కించడానికో దానికి మించింది లేదు. పాట కట్టడానికి మాత్రం కాదు, కీబోర్డు తగిలించి వాద్యాలు వాయిస్తూ ట్రాకులు పేర్చే పని దాంతో అవ్వదు. కంప్యూటరే లేకపోతే ఫోన్‌లో బ్యాండ్‌ల్యాబ్ యాప్ ఉంది, ట్యూను మర్చిపోకుండా పెట్టుకోవడానికి బాగుంటుంది.

ఏది పెట్టుకున్నా ముందు లేటెన్సీ, అంటే శబ్దం వినబడటంలో ఆలస్యం, సర్దుకోవాలి. పాడుతుంటే మీ గొంతు హెడ్‌ఫోన్స్‌లో ఆలస్యంగా వినబడితే తాళం తప్పుతారు, సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకుంటారు. విండోస్‌లో తప్పు ఎక్కువగా డ్రైవర్‌ది. ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన, ఈ ఆలస్యం తగ్గించే ఆసియో (ASIO) డ్రైవర్ వేసుకుని, సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లో అదే ఎంచుకోండి. తర్వాత బఫర్, అంటే కంప్యూటర్ శబ్దాన్ని ఒక్కో విడతకి ఎన్ని శాంపిల్స్ (చిన్న ముక్కలు) చొప్పున పోగేసుకోవాలన్న లెక్క. 48 కిలోహెర్ట్జ్ (సెకనుకి 48 వేల శాంపిల్స్) దగ్గర 128 శాంపిల్స్ అంటే సుమారు 2.7 మిల్లీసెకన్లు, 1024 అంటే 21. ఇది ఒక వైపు లెక్కే, గొంతు లోపలికెళ్ళి బయటికొచ్చేసరికి రెట్టింపు పైనే అవుతుంది. పాడేటప్పుడు 128 పెట్టుకోండి, మిక్సింగ్‌కి కూర్చున్నప్పుడు 1024కి పెంచేయండి, ల్యాప్‌టాప్ ఊపిరి పీల్చుకుంటుంది. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ స్విచ్ ఉంటే ఈ బాధే లేదు, గొంతు కంప్యూటర్ చుట్టూ తిరగకుండా నేరుగా హెడ్‌ఫోన్స్‌కి వస్తుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. రివ్యూలు చదవడం ఆపేసి, ట్రయల్ వేసుకుని, మీకు బాగా వచ్చిన ఒక్క పాట మొదటినుంచి చివరిదాకా దాంట్లో పూర్తి చేయండి. చూడాల్సినవి ఇవి. ఆది తాళమైతే మెట్రోనోమ్ (తాళానికి టిక్కుమనే శబ్దం) 4/4లో సరిపోతుంది, ఒక ఆవర్తనానికి రెండు బార్లు. మిశ్రచాపులో పాడేవాళ్ళు 7/8 పెట్టి, ఒత్తు మూడు, నాలుగుగా పడేలా మార్చడానికి వీలుందేమో చూడండి, రీపర్‌లో ఆ పాటర్న్ మనమే రాసుకోవచ్చు. ఒత్తు లేకుండా ఏడు దెబ్బలూ ఒకేలా టిక్కు టిక్కుమంటే చరణంలోకి వచ్చేసరికి ఎక్కడున్నామో తెలియదు.

తర్వాత పాడింది ముక్కలుగా ఏరుకోవడం. మన ఊళ్ళో ఇది చిన్న విషయం కాదు. ఎన్‌ఏడీ వైపు ఇల్లయితే పల్లవి మధ్యలో విమానం, స్టేషన్ దగ్గరయితే రైలు కూత, ఎక్కడైనా సరే పక్కింటి కుక్కర్. ఫ్యాన్ ఆపేసి మే నెల ఉక్కలో చెమటలు కక్కుతూ పాట మొత్తం మళ్ళీ పాడే ఓపిక ఎవరికుంటుంది? ఒకే లైను నాలుగుసార్లు పాడి, నాలుగూ ఒకదాని కింద ఒకటి పెట్టుకుని, మంచి ముక్కలు ఏరి అతికించే వీలుండాలి. లాజిక్, క్యూబేస్, రీపర్ మూడిట్లోనూ ఈ పని హాయిగా అవుతుంది.

శ్రుతి సరిచేసే టూల్ కూడా అదే పాట మీద పెట్టి చూడండి. రీపర్‌లో రీట్యూన్, లాజిక్‌లో ఫ్లెక్స్ పిచ్, క్యూబేస్ ప్రోలో వేరీఆడియో ఉన్నాయి. ఆటోమేటిక్‌గా వదిలేసి వేగం పెంచారంటే తోడిలో గాంధారాన్ని ఊగనివ్వకుండా ఇస్త్రీ చేసి పెడుతుంది, గమకం పోతుంది. స్వరం ఒక్కొక్కటిగా పట్టుకుని, తప్పిన చోట మాత్రమే సరిచేసే పద్ధతి మీ చేతికి సులువుగా అందుతోందా లేదా అన్నదే లెక్క. తప్పెటగుళ్ళో డప్పో రికార్డు చేసేవాళ్ళకి ఈ గోల లేదు, వాళ్ళు లెవెల్ ఎర్రగీత దాటకుండా ఇంటర్‌ఫేస్ మీద గెయిన్ (మైకు నుంచి తీసుకునే శబ్దం మోతాదు) బాగా తగ్గించుకుంటే చాలు.

ఆటోసేవ్ మొదటిరోజే ఆన్ చేయండి. హుద్‌హుద్ అప్పట్లా రోజుల తరబడి కాకపోయినా తుపాను గాలి గట్టిగా వీస్తే కరెంటు పోతుంది, డెస్క్‌టాప్ వాళ్ళకి యూపీఎస్ తప్పదు.

క్రాక్ వెర్షన్ పెన్‌డ్రైవ్‌లో ఇస్తామనే స్నేహితులు దొరుకుతారు. యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేయమంటారు చూడండి, అక్కడే అర్థమవ్వాలి. ప్రాజెక్టు సగంలో ఉండగా తెరుచుకోకపోతే అడగడానికి ఎవరూ ఉండరు. 60 డాలర్లకి పూర్తి సాఫ్ట్‌వేర్ దొరుకుతుంటే ఆ టెన్షన్ ఎందుకు?

చివరిగా, పాట మిక్సింగ్‌కి హైదరాబాద్‌లో ఇంకొకరికి పంపాల్సి వస్తే వాళ్ళ దగ్గర మీ సాఫ్ట్‌వేర్ ఉండకపోవచ్చు. అందుకని స్టెమ్స్ తీయడం నేర్చుకోండి. ప్రతి ట్రాకూ విడివిడిగా 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైల్, గొంతు రెండో నిమిషంలో మొదలైనా సరే ఫైళ్ళన్నీ సున్నా నుంచే మొదలవ్వాలి, లేకపోతే అవతలివాళ్ళకి ఏది ఎక్కడ పెట్టాలో తెలియదు. ఐదు నిమిషాల పాటలో ఒక మోనో ట్రాకు 43 ఎంబీ దాకా వస్తుంది, ఇరవై ట్రాకులంటే 860 ఎంబీ, వాట్సాప్‌లో తోసేద్దామనుకోకుండా డ్రైవ్‌లో పెట్టి లింకు పంపండి. ఫోల్డర్ పేరులోనే టెంపో, శ్రుతి రాసేయండి.