అంగ్‌కోర్ వాట్‌లో పిల్లలు చెదిరిపోకుండా

కంబోడియా టూర్‌కి స్కూల్ పిల్లల్ని తీసుకెళ్తే ఒకటే తలనొప్పి. గైడ్ పది నిమిషాలు చెప్పేసరికి సగం మంది సెల్ఫీల్లో, సగం మంది నీళ్ల సీసాల దగ్గర.

గుడి మొత్తం చూపించే ఆలోచన మానేశాను. పడమటి గుమ్మం నుంచి ఎక్కి కుడివైపు తిరిగితే ముందు కురుక్షేత్ర యుద్ధం చెక్కిన గోడ వస్తుంది. మూల తిరిగితే దక్షిణపు గోడ మీద గొడుగుల నీడలో కొలువుదీరిన, ఈ గుడి కట్టించిన రాజు రెండో సూర్యవర్మ, దాటాక స్వర్గనరకాలు, ఇంకో మూల తిరగ్గానే తూర్పున క్షీరసాగర మథనం. మాకు ఈ సగం చుట్టే చాలు.

40 మందిని ఐదుగురు చొప్పున 8 జట్లు చేసి, జట్టుకో చీటీ ఇవ్వండి. ‘అంపశయ్య మీద భీష్ముడు ఎక్కడ?’, ‘మందరం కింద తాబేలు ఏది?’, ‘వాసుకి తోక పట్టుకున్న కోతి ఎవరు?’ ఇలా. కథలు మన పిల్లలకు తెలిసినవే కాబట్టి గైడ్ కంటే ముందే వెతికేస్తారు. దొరికాక ఫొటో కాదు, పెన్సిల్‌తో చిన్న బొమ్మ గీయాలి. గీస్తే ఆగి చూస్తారు. మాకు గంటన్నర పట్టింది. గోడని ముట్టుకోకూడదని ముందే చెప్పి ఉంచండి.

అన్ని జట్లకూ ఒకే చీటీ ఇస్తే మాత్రం ఇది పనిచేయదు. మొదటి జట్టు కనిపెడుతుంది, మిగతా వాళ్లు కాపీ కొట్టి కూర్చుంటారు.