బ్రిడ్జ్ పాఠం 9: నాలుగో హ్యాండ్ సంగతి ముందు తేల్చుకుందాం

ఈ వారం నేరుగా 4-4-4-1 హ్యాండ్లలోకి, అంటే మూడు రంగుల్లో నాలుగేసి ముక్కలు, ఒక రంగులో ఒక్కటే ఉన్న వాటిలోకి వెళ్దామనుకున్నాను. మీ జవాబులు చూశాక ఆగాల్సి వచ్చింది. పోయిన పాఠంలో నాలుగో హ్యాండ్ దగ్గర చాలామంది తడబడ్డారు. మళ్లీ చూడండి.

ఇస్పేటు: 7
ఆటీను: ఆసు, రాణి, 8, 3
డైమండ్: రాజు, 6, 4
కళావరు: రాజు, జాకీ, 9, 5, 2

ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 లెక్కన మొత్తం 13 పాయింట్లు. 1 కళావరుతో ఓపెన్ చేశారు, అంటే మొదటి బిడ్ అదే వేశారు, బాగుంది. భాగస్వామి 1 ఇస్పేటు అనగానే 2 ఆటీన్లు అన్నారు. "నాలుగు ఆటీన్లు ఉన్నాయి కదా, చెప్పొద్దా?" అని అడిగారు. ఇక్కడ చెప్పొద్దు.

మొదట చెప్పిన రంగు కంటే పై రంగును ఇలా రెండో మెట్టులో చెప్పడాన్ని రివర్స్ అంటారు. రంగుల వరుస కింది నుంచి కళావరు, డైమండ్, ఆటీను, ఇస్పేటు; బిడ్ అంకెకు 6 కలిపితే తీయాల్సిన ట్రిక్కులు (పట్లు). మీరు 2 ఆటీన్లు అన్నాక భాగస్వామికి కళావర్లే నచ్చాయనుకోండి. 2 కళావర్లు అనే మెట్టు దాటిపోయింది కాబట్టి 3 అనాలి, అంటే 9 ట్రిక్కులు తీయాలి. అదే ఐదు ఆటీన్లున్న హ్యాండ్‌తో 1 ఆటీను ఓపెన్ చేసి తర్వాత 2 కళావర్లు అంటే, అతను 2 ఆటీన్లకు హాయిగా వెనక్కి రాగలడు. 8 ట్రిక్కులు చాలు. ఆ అదనపు ట్రిక్కు బరువు మొయ్యాలి కాబట్టే రివర్స్‌కు 17 పాయింట్లు కావాలి. మంచి 16 చాలంటారు కొందరు, నేను ఒప్పుకోను. మీ దగ్గర 17 ఉన్నాయని నమ్మి, 8 పాయింట్ల భాగస్వామి లెక్క 25కి తేల్చుకుని 3 నోట్రంప్‌కు, అంటే తురుపు లేకుండా 9 ట్రిక్కులకు వెళ్తాడు. మీ 13తో ఇద్దరికీ కలిపి ఉన్నవి 21. అతని తప్పేమీ లేదు, మీ మాట విన్నాడంతే.

ఈ హ్యాండ్‌కు రెండో బిడ్ 2 కళావర్లు. ఐదు ముక్కలే అయినా సరే.

ఇప్పుడు దీని తోబుట్టువు:

ఇస్పేటు: 6
ఆటీను: రాజు, 5, 2
డైమండ్: ఆసు, రాణి, జాకీ, 8
కళావరు: రాణి, 8, 6, 4, 3

కళావర్లు ఐదున్నా నేను 1 డైమండ్ అంటాను. 1 ఇస్పేటు జవాబు వస్తే 2 కళావర్లు అనడానికి దారి ఉంటుంది. భాగస్వామి నాకు ఐదు డైమండ్లు ఉన్నాయనుకోవచ్చు, కానీ ఆ నాలుగూ ఐదు ముక్కలంత గట్టివి. కళావర్లే గట్టిగా ఉంటే 1 కళావరు అని, తర్వాత 2 కళావర్లు అంటాను.

4-4-4-1కి ఐదు ముక్కల మేజర్ పద్ధతిలో (ఐదు ముక్కలుంటేనే ఇస్పేటు, ఆటీను ఓపెన్ చేసే పద్ధతి) నా అడ్డదారి ఒక్కటే: డైమండ్ సింగిల్టన్ (ఒక్కటే ముక్క) అయితే 1 కళావరు, మిగతా మూడు సందర్భాల్లోనూ 1 డైమండ్. ఆ సింగిల్టన్ ఒంటి రాజో రాణో అయి, మొత్తం 12 పాయింట్లే ఉంటే నేను పాస్ అంటాను.

ఇస్పేట్లు ఐదు, కళావర్లు ఐదు ఉంటే 1 ఇస్పేటు.

అభ్యాసం: సింగిల్టన్ ఉండి ఓపెన్ చేయదగ్గ హ్యాండ్లు 20 పోగయ్యేదాకా పేక పంచండి. ఒక్కోదానికి భాగస్వామి ఒకటో మెట్టులో ఇవ్వగల ప్రతి జవాబూ రాసి, దాని ఎదురుగా మీ రెండో బిడ్ రాయండి. అవన్నీ నిండాకే ఓపెనింగ్ ఖాయం చేయండి. రివర్స్ వచ్చిన ప్రతిచోటా మీ పాయింట్లు పక్కనే వేసి పంపండి.