సంఘంలోని కళాకారులను ఎలా చూసుకోవాలి

నేను బొమ్మలు వేస్తాను. ఒకసారి మా చర్చిలో క్రిస్మస్‌కు వేదిక వెనక తెర కావాలన్నారు, అదీ నాలుగు రోజుల ముందు. రాత్రుళ్లు మేలుకొని వేశాను. పండుగ మర్నాడు దాన్ని దుమ్ము పడకుండా కుర్చీల మీద కప్పారు. ఆ బాధతోనే సంఘపెద్దలకు ఇది రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. రంగులు, గుడ్డ, గిటారు తీగలు, మరమ్మతులు... ఈ ఖర్చును సంఘం ఏడాది లెక్కల్లో విడిగా చూపండి. దేవుని సేవే కదా అని కళాకారుడి జేబు మీద వేయకండి. బైబిల్లో నెహెమ్యా 13:10 చదవండి. తమకు రావలసిన భాగాలు అందక, దేవాలయంలో సేవ చేసే లేవీయులు, గాయకులు పొలాలకు వెళ్లిపోయారు. అప్పటి యూదా అధిపతి నెహెమ్యా వాళ్లను తప్పుపట్టలేదు, అధికారులనే నిలదీశాడు. ఆ వచనం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

పని అప్పగించేటప్పుడు కొలతలు, గడువు, ఎక్కడ పెడతారో చెప్పండి. పెద్ద తెరకు ఆరు వారాలైనా కావాలి. మార్పులుంటే పెన్సిల్ గీత దశలోనే చెప్పండి, రంగు ఆరాక కాదు. అదీ ఒక్కరే చెప్పాలి.

పాటబృందంలో ఒక్కొక్కరికీ నెలకో ఆదివారం విడుపు ఇవ్వండి. ఆ రోజు వాళ్లు అందరితోపాటు కూర్చుని వాక్యం వింటారు.

నిర్గమకాండము 31లో దేవుడు తన గుడారం పనికి బెసలేలు అనే పనివాణ్ణి పేరుపెట్టి పిలిచాడు. ప్రకటనల్లో మీరూ పేరు చెప్పండి, ‘మన యువకులు చేశారు’ అని సరిపెట్టకండి.

పండుగ అయ్యాక ఆ పనిని ఏం చేయాలో వేసినవాళ్లనే అడగండి. నన్ను అడిగి ఉంటే ఆ తెరను ఇంటికి తెచ్చుకునేవాణ్ణి.