పాత సిరిమానోత్సవం జ్ఞాపకాన్ని సరిగ్గా రాసుకోవడం ఎలా?

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి పండగ కబుర్లు మొదలైతే "ఆ ఏడు వాన పడింది", "పడలేదు" అని తగువు తప్పదు. ఆ పండగలో పూజారిని చివర కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మానే సిరిమాను. మీ చిన్నప్పటి సిరిమానును కాగితం మీద పెట్టాలనుకుంటే ఇలా చేయండి.

ముందు ఇంట్లోనే కూర్చుని రాయండి. చాలామంది తిన్నగా అమ్మవారి గుడి ఉన్న మూడు లాంతర్ల కూడలికి పోతారు, లేదా ఫోన్‌లో వీడియోలు చూస్తారు. వద్దు. ఇప్పటి లైట్లు, ఫ్లెక్సీలు పాత రోజులోకి దూరిపోతే ఇక విడదీయలేరు. కళ్లు మూసుకుని ఎక్కడ నిలబడ్డారో, ఎవరి చేయి పట్టుకున్నారో, ఏ వాసన వచ్చిందో తలచుకోండి. నేరం చూసిన సాక్షుల కోసం మనస్తత్వ శాస్త్రవేత్తలు ఫిషర్, గీసెల్‌మన్ 1980లలో రూపొందించిన పద్ధతిలో ఇదీ ఒక భాగమే. గుర్తురానిది ఖాళీగా వదిలేయండి.

తర్వాత అక్కడికి వెళ్లండి. కొత్తగా తట్టినవి వేరే రంగు ఇంకుతో రాయండి. చోటుకి బలం ఉంది: 1975లో గాడెన్, బాడ్లీ స్కాట్లండ్‌లో డైవర్లకు నీటి అడుగున కొన్ని మాటలు, ఒడ్డున కొన్ని వినిపిస్తే, ఎక్కడ విన్నవి అక్కడే బాగా గుర్తొచ్చాయి.

కానీ చోటు లేనిది కూడా చూపిస్తుంది. 1981లో బ్రూవర్, ట్రెయెన్స్ కొందరిని ఒక ఆఫీసు గదిలో 35 సెకన్లు ఉంచి, ఆనక ఏం చూశారో రాయమన్నారు. రాసిన 30 మందిలో 9 మంది పుస్తకాలు చూశామన్నారు. గదిలో ఒక్క పుస్తకం లేదు! ఆఫీసన్నాక ఉండాలి కదా అని మనసే పెట్టేసింది. మీ రాతలో సిరిమానుతో పాటు ఊరేగే పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం ఉన్నాయా? అవి ఏటా ఉండేవే. ఆ రోజు కళ్లారా చూశారా, ఉంటాయని తెలుసు కనక చేర్చారా? తేలకపోతే పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. జనంలో చెప్పు పోయిన సంగతి మాత్రం అలా అలవాటుగా చేరేది కాదు.

ఇంట్లోవాళ్లను ఒక్కొక్కరిగా అడగండి. "వాన పడింది కదా మామ్మా?" అంటే వాన పడిపోతుంది. "ఆ రోజు ఏటయింది మామ్మా?" అని ఊరుకోండి. ఇద్దరి మాటా కలవకపోతే రాజీ కుదర్చకుండా రెండూ రాయండి.

చివరగా కదలని వాటితో సరిచూడండి. సిరిమాను దసరా తర్వాత వచ్చే మంగళవారమే తిరుగుతుంది. "ఆదివారం సెలవని వెళ్లాం" అని ఎవరైనా గట్టిగా చెబితే, ఆ ముక్క వేరే జాతరది.