మన ఊరి గురించి వికీపీడియాలో రాయడం ఎలా?

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. ఎవరైనా రాయవచ్చు, ఎవరు రాసినదాన్నైనా దిద్దవచ్చు. కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల పల్లెల పేజీలు తెరిస్తే చాలాచోట్ల 2011 జనాభా లెక్కల నుంచి తెచ్చిన అంకెలే కనిపిస్తాయి: ఇళ్లెన్ని, జనమెంత, బడి ఎంత దూరం, సాగుభూమి ఎంత. ఊరు మాత్రం కనిపించదు. ఆ లోటు తీర్చాలని ఊరివాళ్లే కూర్చున్నప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది. వాళ్లకు అన్నీ తెలుసు. వికీపీడియాకు మనకు తెలిసినది అక్కరలేదు, ఎక్కడ అచ్చయిందో చూపించగలిగినదే కావాలి.

కాబట్టి ముందు వెతకండి. మీరు రాయదలచిన విషయానికి ఇప్పటికే పేజీ ఉందేమో చూడండి. పేర్ల రాతలో తేడాలుంటాయి కాబట్టి రెండు మూడు విధాలుగా వెతకాలి. పేజీ ఉంటే కొత్తది మొదలుపెట్టకుండా దాన్నే పెంచండి. లేకపోతే, మీతో గానీ ఆ సంస్థతో గానీ సంబంధం లేనివారెవరైనా ఆ విషయం గురించి వివరంగా రాశారా అని చూసుకోండి. రాయకపోతే ఆ వ్యాసం నిలవదు. మేనమామ మీద, సొంత బడి మీద, తాను పనిచేసే ఆసుపత్రి మీద రాయాలనే ఉబలాటాన్ని ఇక్కడే ఆపుకోవడం మేలు.

తర్వాతి పని మూలాలు సేకరించడం. దీనికి పట్టే సమయం రాయడానికి పట్టే సమయం కన్నా ఎక్కువే. ఈ విషయంలో సీమవాళ్లం అదృష్టవంతులం. బ్రిటిషు కాలంలో ఒక్కో జిల్లా వివరాలన్నీ కూర్చి రాసిన మాన్యువళ్లు, గెజిటీర్లు మనకున్నాయి. కడప జిల్లాకు 1875లో గ్రిబుల్ రాసిన మాన్యువల్, 1915 నాటి బ్రాకెన్‌బరీ గెజిటీరు ఉన్నాయి. కర్నూలుకు గోపాలకృష్ణమ చెట్టి 1886లో వెలువరించిన మాన్యువల్ ఉంది, అనంతపురానికి 1905 నాటి ఫ్రాన్సిస్ గెజిటీరు ఉంది. పాత పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వెతికితే ఉచితంగా దొరుకుతాయి. కాగితం పుస్తకాలు కావాలంటే కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉండనే ఉంది. కంపెనీ కాలంలో కాలిన్ మెకంజీ అనే అధికారి ఊరూరా రాయించిన స్థానిక చరిత్రలు, అంటే కైఫీయత్తులు కూడా పుస్తకాలుగా వచ్చాయి.

అయితే ప్రతి మూలానికీ ఒక పరిమితి ఉంటుంది. గెజిటీరులో వానలు, పంటలు, చెరువుల వివరాలు పనికొస్తాయి. కులాల స్వభావాల గురించి దొరలు చేసిన వ్యాఖ్యానాలను యథాతథంగా ఎత్తి రాయకూడదు. కైఫీయత్తు ఆనాటి ఊరివాళ్లు చెప్పుకున్నదానికి సాక్ష్యమే గానీ, అంతకు అయిదు వందల ఏళ్ల కిందట జరిగినదానికి కాదు. గుడి దగ్గర అమ్మే స్థలపురాణం పుస్తకం భక్తుల నమ్మకాన్ని చెప్పడానికి చాలు, గుడి ఎప్పుడు కట్టారో తేల్చడానికి చాలదు. మీ చెరువు కట్ట మీది శాసనాన్ని మీరే కూడబలుక్కుని చదివి ఉంటే సంతోషం. కానీ ఆ పాఠం వ్యాసంలోకి రాదు, ఎపిగ్రాఫియా ఇండికా వంటి శాసనాల ప్రచురణల్లో నిపుణులు అచ్చువేసిన పాఠమే వస్తుంది. ఈ నియమం కొంత కఠినమనిపించినా, ఎవరికి తోచిన పాఠం వాళ్లు రాసే పేజీని ఊహించుకుంటే దాని విలువ తెలుస్తుంది.

ఇక రాయడం. నేరుగా పేజీలో కాకుండా మీ ఖాతాలోని ప్రయోగశాలలో, అంటే చిత్తు రాసుకునే పేజీలో మొదలుపెట్టండి. ఒక వాక్యం ఎలా కుదురుతుందో కడపలోని దేవుని కడప వేంకటేశ్వరాలయం ఉదాహరణతో చూద్దాం. మొదటి చిత్తులో చాలామంది ఇలా రాస్తారు: ‘మతసామరస్యానికి ప్రతీకగా నిలిచిన ఈ సుప్రసిద్ధ ఆలయానికి ఉగాది నాడు వేలాది ముస్లింలు తరలివచ్చి తమ అల్లుడైన శ్రీ వేంకటేశ్వరస్వామి వారిని దర్శించుకుంటారు.’

చదవడానికి బాగుంది. కానీ ఒకే వాక్యంలో నాలుగు రకాల మాటలు కలగలిశాయి. ఉగాది నాడు ముస్లింలు గుడికి రావడం అందరూ చూసే విషయం, ఏటా పత్రికల్లో వచ్చేదే. స్వామి భార్యగా చెప్పుకునే బీబీ నాంచారి తమ ఆడపడుచు కాబట్టి ఆయన్ను అల్లుడనుకోవడం వచ్చేవారి నమ్మకం. ‘వేలాది’ అనేది ఎవరూ లెక్కపెట్టని అంకె. ‘ప్రతీక’, ‘సుప్రసిద్ధ’ రాసినవారి మెప్పు. వీటిని విడదీస్తే ఇలా వస్తుంది: ‘ఉగాది నాడు ముస్లింలు కూడా ఈ ఆలయానికి వస్తారు. బీబీ నాంచారిని తమ ఇంటి ఆడపడుచుగా, వేంకటేశ్వరుణ్ణి అల్లుడిగా వారు భావిస్తారు.’ రెండు వాక్యాల చివరా పత్రిక పేరు, తేదీ, శీర్షికతో మూలం ఇవ్వాలి. మతసామరస్యం అనే మాట తప్పదనిపిస్తే, ఆ మాట అన్న రచయిత ఎవరో చెప్పి, వారి మాటగానే రాయండి. ఇంత చప్పగా రాయాలా అని నొచ్చుకునేవారుంటారు. నా మటుకు నాకు రెండో రూపమే ఎక్కువ నచ్చుతుంది. ఆ ఆచారమే అబ్బురమైనది, దానికి విశేషణాల ఊతం ఎందుకు?

గండికోటను ‘భారతదేశపు గ్రాండ్ కాన్యన్’ అనడం కూడా ఇలాంటిదే. అది పర్యాటక ప్రచారంలో వాడే మాట, అలాగే చెప్పాలి. ఎర్రమల కొండల్ని పెన్న కోసుకుంటూ పారే చోట కోట ఉందని రాస్తే చదివేవారికి దృశ్యం తెలుస్తుంది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వంటివారి విషయంలో మరింత ఒళ్లు దగ్గరపెట్టుకోవాలి. 1846లో ఈస్టిండియా కంపెనీ మీద తిరగబడ్డాడు, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. ఇవి ముందు రావాలి. కంపెనీ అధికారులు అతన్ని ఎలా చూశారో, సీమ జనం ఎలా తలుచుకుంటారో ఎవరి మాట వారికి అప్పగిస్తూ తర్వాత రాయండి.

ఇక్కడ ‘తిరగబడ్డాడు’ అని రాశానని కోపగించుకోకండి. తెలుగు వికీపీడియాలో మనుషుల గురించి ఏకవచనంలోనే రాస్తారు, ‘గారు’, ‘శ్రీ’ వంటివి వాడరు. పెద్దల విషయంలో మొదట్లో చెయ్యి ఆడదు గానీ, ఒకరికి గౌరవం ఇచ్చి మరొకరికి ఎగ్గొట్టే తగవు దీనితో తప్పుతుంది.

జిల్లా పేరు రాసేటప్పుడు జాగ్రత్త. 2022 ఏప్రిల్ 4 నుంచి లేపాక్షి శ్రీసత్యసాయి జిల్లాలో, యాగంటి నంద్యాల జిల్లాలో ఉన్నాయి. పాత పుస్తకాలు మాత్రం అనంతపురం, కర్నూలు అనే చెబుతాయి. ఇప్పటి జిల్లా పేరు ముందు రాసి, అంతకుముందు ఏ జిల్లాలో ఉండేదో ఒక ముక్క చేర్చండి.

పత్రికల నుంచి వాక్యాలు అలాగే దించకండి, విషయం తీసుకుని మీ మాటల్లో రాయండి. ఫొటోలు మీరు తీసినవైతేనే వికీపీడియా బొమ్మలు దాచే వికీమీడియా కామన్స్‌కు ఎక్కించండి. వాట్సాప్‌లో వచ్చినవి వద్దు. పత్రికల లింకులు కొన్నాళ్లకు పనిచేయవు కాబట్టి వెబ్ పేజీల ప్రతులు దాచే వేబ్యాక్ మెషీన్‌లో ఒక ప్రతి దాచి, ఆ లింకు కూడా ఇవ్వండి.

ప్రచురించే ముందు ప్రతి పేరా చివర మూలం ఉందో లేదో చూసుకుని, ఏం మార్చారో దిద్దుబాటు సారాంశం అనే పెట్టెలో ఒక్క ముక్క రాయండి. తర్వాత ఎవరో ఒకరు మీ వాక్యాన్ని తీసేస్తారు. వెంటనే తిరిగి పెట్టవద్దు. ముందు పేజీ చరిత్రలో వారు రాసిన కారణం చదవండి. మూలం లేదన్నది కారణమైతే, మూలంతో సహా వాక్యాన్ని తిరిగి చేర్చండి. మూలం ఉన్నా అభ్యంతరం చెబితే చర్చ పేజీలో పుస్తకం పేరు, పుటసంఖ్య రాసి వారి జవాబు కోసం ఆగండి. అక్కడ తేలకపోతే తెలుగు వికీపీడియావాళ్లంతా మాట్లాడుకునే రచ్చబండ పేజీలో అడగండి.