ముసురు పట్టకముందే కారు బ్యాటరీ సంగతి చూసుకోండి

అక్టోబరు సగం దాటిందంటే మా నెల్లూరులో కార్లు తిరిగే రోజులకన్నా ఇంటి ముందు నిలబడే రోజులే ఎక్కువ. అల్పపీడనం అంటారు, వాయుగుండం అంటారు, విజయమహల్ గేటు అండర్ బ్రిడ్జిలో నీళ్లు చేరతాయి, ఇక బండి బయటికి తీయాలనిపించదు. సరిగ్గా అలా వారం నిలబడ్డాకే, ఏ అర్ధరాత్రో ఆసుపత్రికి పోవాల్సొచ్చి తాళం తిప్పితే టిక్ టిక్ మని ఊరుకుంటుంది.

పోయిన ఏడాది నాకు అదే జరిగింది. షాపులో చూపిస్తే బ్యాటరీ పోయిందన్నారు, మార్చారు. పది రోజులు తిరిగాక మళ్లీ ముసురు పట్టింది, మూడు రోజులు బండి కదల్లేదు, కొత్త బ్యాటరీ కూడా చచ్చింది. ఈసారి మా వీధి చివర ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. చూసి నవ్వాడు. "బ్యాటరీదేం తప్పులేదు సార్, కరెంటు యాడో తాగేస్తా ఉండాది" అన్నాడు. చివరికి తేలింది డిక్కీ లైటు. మూత వేసినా స్విచ్చి నొక్కుకోక లోపల అది వెలుగుతూనే ఉంది. ఐదు వాట్ల బల్బు అంటే 0.4 ఆంపియర్లు, రోజంతా వెలిగితే దాదాపు 10 ఆంపియర్ అవర్లు. చిన్న కార్ల బ్యాటరీలు చాలావరకు 35 ఆంపియర్ అవర్లవే. మూడో రోజుకి సెల్ఫ్ ఎత్తకపోవడంలో వింతేముంది? రోజూ తిరిగినన్నాళ్లూ రాత్రి పోయింది పగలు నిండిపోయేది కాబట్టి నాకు తెలియలేదు.

డిక్కీ లైటు అనుమానం ఉంటే ఫోన్లో వీడియో ఆన్ చేసి లోపల పెట్టి మూత వేయండి, నిమిషం తర్వాత తీసి చూసుకోండి. డ్యాష్‌బోర్డు అరకీ ఇదే కిటుకు.

ఇక అసలు పరీక్ష. ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: బ్యాటరీ ముసలిదైందా, బండి కరెంటు తాగుతోందా? మామూలు మల్టీమీటరు చాలు. బ్యాటరీని పూర్తిగా ఛార్జ్ చేయించి, నాలుగైదు గంటలు ఆగి కొలవండి. 12.6 వోల్టులకు అటూ ఇటూ ఉండాలి. 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం, 12 కన్నా దిగితే దాదాపు ఖాళీ. ఇప్పుడు నెగటివ్ వైరు విప్పేసి రెండు రాత్రులు వదిలి మళ్లీ కొలవండి. విప్పి ఉంచినా బాగా పడిపోయిందంటే రోగం బ్యాటరీలోనే ఉంది, మార్చక తప్పదు. మన రోహిణి కార్తె ఎండలకి లోపల నీళ్లు ఆవిరై, పలకలు తినేసి, ఆ సంగతి వానాకాలంలో బయటపడటం మామూలే. అలా కాకుండా విప్పినప్పుడు నిలిచి, తగిలించి ఉంచిన రెండు రాత్రుల్లో పడిపోయిందంటే బండిలో ఎక్కడో లీకు ఉన్నట్టు. ఈ నాలుగు రాత్రుల ఓపిక నాకు ముందే ఉండుంటే ఒక బ్యాటరీ డబ్బు మిగిలేది.

విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్. పాజిటివ్ మీద స్పానరు పెట్టి తిప్పుతుండగా అది బాడీకి తగిలితే నిప్పులు రాలతాయి. ఉంగరాలు, గాజులు తీసేయండి. దగ్గర్లో బీడీ, సిగరెట్టు వద్దు. ఛార్జయ్యే బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది.

లీకు ఎంతో కొలవాలంటే మీటరు ఎర్ర వైరును 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, విప్పిన నెగటివ్ వైరుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య మీటరు పెట్టాలి. ఆంపియర్ల మీద ఉన్న మీటరును బ్యాటరీ రెండు మొనలకీ నేరుగా తగిలించారో, అది షార్టే. తలుపులన్నీ వేసి, రిమోట్ తాళం దూరంగా పెట్టి, కనీసం అరగంట ఆగండి. కొన్ని బళ్లలో లోపలి ఎలక్ట్రానిక్ పెట్టెలన్నీ నిద్రపోవడానికి గంట కూడా పడుతుంది. తొందరపడి మొదటి నిమిషంలో అంకె చూసి చాలామంది హడలిపోతారు. ఆగాక 50 మిల్లీ ఆంపియర్ల లోపుంటే భయం లేదు. అది 300 దగ్గర ఉంటే రోజుకి ఏడు ఆంపియర్ అవర్లకు పైగా పోతున్నట్టు. మీటరు తగిలించి ఉండగా తలుపు తీయొద్దు, సెల్ఫ్ కొట్టొద్దు, మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది.

తర్వాత ఫ్యూజులు ఒక్కొక్కటే తీసి, ఏది తీస్తే అంకె పడుతుందో చూడటమే. ఎయిర్‌బ్యాగ్ ఫ్యూజు జోలికి మాత్రం పోకండి. అన్నీ తీసినా తగ్గకపోతే, ఇంజను నడిచేటప్పుడు బ్యాటరీని నింపే ఆల్టర్నేటరులోని డయోడ్లు అనుమానించాలి, అది ఎలక్ట్రీషియన్ పని. నన్నడిగితే ఫ్యూజుల కన్నా ముందు, బండి కొన్నాక మనం తగిలించినవన్నీ చూడాలి: డ్యాష్ క్యామ్, జీపీఎస్ ట్రాకరు, పాటల పెట్టె, రంగు లైట్లు. తాళంతో పని లేకుండా ఎప్పుడూ కరెంటు ఉండే వైరుకి వీటిని కలిపేస్తే బిగించేవాడికి పని తొందరగా అయిపోతుంది కదా!

మైపాడు, కొత్తపట్నం వైపు సముద్రపు గాలి తగిలే ఊళ్లలో మొనల మీద తెల్లగా, పచ్చగా బూజులా పడుతుంది. నెగటివ్, ఆ తర్వాత పాజిటివ్ విప్పి, గోరువెచ్చని నీళ్లలో వంటసోడా కలిపి పాత బ్రష్షుతో రుద్ది, ఆరాక వాజిలైన్ రాయండి. సెల్లుల మూతలు గట్టిగా ఉండాలి, ఆ నీళ్లు లోపలికి పోకూడదు. కోవూరు, బుచ్చిరెడ్డిపాలెం దిక్కున చేల పక్కనుండేవాళ్లు వానలు మొదలయ్యాక వారానికోసారైనా బానెట్ ఎత్తండి. పొలంలో నీళ్లు నిలిచాయంటే ఎలుకలు పొడిచోటు వెతుక్కుంటాయి. కొరికిన వైరు బాడీకి తగిలితే లీకే.

పిల్లల దగ్గరికి హైదరాబాదో బెంగళూరో నెల రోజులు పోతున్నారా? నెగటివ్ విప్పేసి పోండి. డిక్కీ కరెంటుతో తెరుచుకునేదైతే ముందే సామాన్లు తీసుకోండి, తలుపుకి మామూలు తాళంచెవి పనిచేస్తుందో లేదో చూసుకోండి. సిగ్నల్ దగ్గర తనంతట ఆగి మళ్లీ స్టార్టయ్యే బళ్లలో అడక్కుండా విప్పొద్దు. పక్కింటివాళ్లకి తాళమిచ్చి రోజూ ఐదు నిమిషాలు స్టార్ట్ చేయమనడం మాత్రం దండగ. సెల్ఫ్ మింగింది నిండకముందే ఆపేస్తారు. అరగంట తిప్పగలిగితేనే ఆ పని.

వేరే బండి నుంచి కేబుల్ వేయాల్సొస్తే ఎరుపు ముందు చచ్చిన బ్యాటరీ పాజిటివ్‌కి, తర్వాత మంచిదాని పాజిటివ్‌కి. నలుపు మంచిదాని నెగటివ్‌కి, రెండో కొస మీ ఇంజను ఇనుముకి, బ్యాటరీకి దూరంగా. ఇదంతా పొడిగా ఉన్న బండికే. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్టే కొట్టుకుపోయింది. అలాంటి వరదలో సీటు దాకా నీళ్లెక్కిన కారుకి కేబులూ వద్దు, తాళమూ తిప్పొద్దు. లాగించుకుని వర్క్‌షాపుకి తీసుకెళ్లండి.