మెక్సికో ఆర్డరు ఒప్పుకునే ముందు

2025 జనవరిలో సూరత్‌కు చెందిన రెండు కెమికల్ కంపెనీల మీద న్యూయార్క్‌లో కేసు పడింది. మార్చిలో హైదరాబాద్ ఫార్మా కంపెనీ ఒకటి, అందులోని పెద్ద ఉద్యోగులు కొందరు వాషింగ్టన్ కోర్టులో ముద్దాయిలయ్యారు. సెప్టెంబరులో న్యూఢిల్లీలోని అమెరికా ఎంబసీ కొందరు భారతీయ వ్యాపారుల వీసాలు రద్దు చేసి, వాళ్ల ఇంట్లోవాళ్లకు కూడా అమెరికా ప్రయాణం కుదరకపోవచ్చని ప్రకటించింది. మూడింటిలోనూ మాట ఒకటే: ఫెంటనిల్ అనే ప్రాణాంతక మత్తుమందు వండడానికి పనికొచ్చే ముడి రసాయనాలు. అభియోగం వేరు, రుజువు కావడం వేరు. ఆ సంగతి కోర్టులు చూసుకుంటాయి. మనం చూసుకోవాల్సింది రేపు పొద్దున మన మెయిల్‌కి రాబోయే ఎంక్వైరీని.

ఇది పెద్ద కంపెనీల కోసం కాదు. వాళ్లకు రెగ్యులేటరీ డిపార్ట్‌మెంటు ఉంది, లాయర్లున్నారు. జీడిమెట్లలో రెండు గదుల ఆఫీసు, ఒక గోడౌన్ పెట్టుకుని ట్రేడింగ్ చేసేవాళ్లు, పాశమైలారం, బొల్లారం, పరవాడ వైపు జాబ్ వర్క్ మీద రియాక్టర్లు నడిపేవాళ్లు, ఎక్స్‌పోర్ట్ సేల్స్‌లో కొత్తగా చేరిన కుర్రాళ్లు చదవాలి. డ్రగ్స్ అమ్మొద్దని చెప్పడానికి ఇంత రాయక్కర్లేదు. అమ్ముతున్నది డ్రగ్స్ అనుకోకుండానే ఇరుక్కునే దారి ఒకటుంది. గొడవంతా దాంతోనే.

చైనా 2019 మేలో ఫెంటనిల్ తరహా మందులన్నిటినీ ఒక్కసారిగా నియంత్రణలోకి తెచ్చింది. తయారైన సరుకు నేరుగా అమెరికాకు వెళ్లడం తగ్గింది. సినలోవా, హలిస్కో అనే మెక్సికో డ్రగ్ ముఠాలు ముడిసరుకు తెప్పించుకుని మెక్సికోలోనే వండడం పెంచాయి. చైనా అమ్మకందారుల మీద అమెరికా కేసులు పెరిగేకొద్దీ కొనేవాళ్ల చూపు మన దేశం మీద కూడా పడింది. అమెరికా డ్రగ్ నియంత్రణ సంస్థ డీఈఏ లెక్కలో 2 మిల్లీగ్రాముల ఫెంటనిల్ మనిషి ప్రాణం తీయగలదు. ఒక కిలో అంటే 5 లక్షల మందికి సరిపడా. 25 కిలోల డ్రమ్ము మనకు చిన్న ఆర్డరు కావచ్చు, అవతలివాళ్లకు కాదు.

ఇంకో మార్పు చాలామంది పట్టించుకోలేదు. 2025 ఫిబ్రవరి 20న అమెరికా 6 మెక్సికన్ ముఠాలను విదేశీ ఉగ్రవాద సంస్థల జాబితాలో చేర్చింది. సినలోవా, హలిస్కో రెండూ అందులో ఉన్నాయి. అప్పటిదాకా డ్రగ్ కేసుగా ఉండేది ఇప్పుడు ఉగ్రవాదులకు సాయం చేసిన కేసుగా కూడా మారొచ్చు. దానికి శిక్ష 20 ఏళ్ల దాకా ఉంది.

డ్రమ్ము మీద పేరు

ఎంక్వైరీ ఇలా నడుస్తుంది. మొదటి మెయిల్ పద్ధతిగానే ఉంటుంది: ప్రాడక్టు పేరు, ప్యూరిటీ, 25 కిలోల రేటు, సీవోఏ (బ్యాచ్ నాణ్యత సర్టిఫికెట్). రేటు చెప్తే బేరం ఉండదు, సరే అంటారు. ఫార్మాలో బేరమాడకుండా కొనే పార్టీని ఎవరైనా చూశారా? తర్వాత మాటలు మెయిల్ వదిలి వాట్సాప్‌లోకో సిగ్నల్‌లోకో మారతాయి. ఆ తర్వాత చిన్న కోరిక వస్తుంది: "మా కస్టమ్స్‌తో కొంచెం ఇబ్బంది సార్, లేబుల్ మీద విటమిన్ సి అని వేసి పంపగలరా?"

ఒప్పుకోవద్దు. లేబుల్ మార్చొద్దు.

మన దగ్గర దీన్ని తేలిగ్గా తీసుకునే అలవాటుంది. ఫ్రైట్‌వాళ్లు డేంజరస్ గూడ్స్ చార్జీ వేస్తారనో, పోటీవాళ్లకు మన ప్రాడక్టు తెలుస్తుందనో పేరు కొంచెం అటూ ఇటూ రాసేస్తుంటాం. "పార్టీ అడిగింది, వేశాం, అంతే" అంటాం. సాధారణ సరుకులో అది పెనాల్టీతో పోవచ్చు. ఈ సరుకులో జీవితం పోతుంది. ఎందుకంటే పేరు మార్చనంతవరకు, అవతలివాడు అబద్ధం చెప్పి కొన్నాడని, మీకు తెలియదని చెప్పుకోవడానికి చోటుంది. తప్పుడు స్టిక్కర్ అంటించిన క్షణం ఆ చోటు పోయింది. తెలియకపోతే పేరెందుకు దాచారన్న ప్రశ్నకు ఎంత పెద్ద లాయరైనా జవాబు వెతుక్కోవాల్సిందే. మన ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తుమందుల చట్టం) 35వ సెక్షన్ మరీ గట్టిది. నిందితుడికి తెలిసే చేశాడని కోర్టు ముందే అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది నిందితుడే. సూరత్ కంపెనీల మీద అమెరికా ప్రాసిక్యూటర్లు మోపిన అభియోగాల్లో ముఖ్యమైనదీ ఇదే: పొట్లాల మీద వేరే పేర్లు, అందులో విటమిన్ సి ఒకటి.

ఎలా దొరుకుతుందో కూడా తెలుసుకోండి. నీలం హెచ్‌డీపీఈ డ్రమ్ము మీద పాత లేబుల్ పీకితే జిగురు తెల్లగా మిగులుతుంది. దాన్ని కప్పడానికి కొత్త స్టిక్కర్ కాస్త పెద్దది వేస్తారు. మూత తీస్తే లోపలి పాలిథిన్ సంచి ట్యాగు మీద పాత బ్యాచ్ నంబరు అలాగే ఉంటుంది. అది ఎవరికీ గుర్తుండదు. పైగా పలచని సంచి విప్పకుండానే పొడి ఏమిటో చదివే రామన్ యంత్రాలను పోర్టుల్లో అధికారులు చేతిలో పట్టుకుని తిరుగుతున్నారు.

ఈ ఎత్తు కొత్తదేమీ కాదు. 2006 డిసెంబరులో మెక్సికోలోని లాజారో కార్దెనాస్ రేవులో మెథాంఫెటమిన్ మత్తుమందుకు ముడిసరుకైన సూడోఎఫెడ్రిన్ తరహా సరుకు దాదాపు 20 టన్నులు వేరే రసాయనం పేరుతో వచ్చి పట్టుబడింది. 2007 మార్చిలో ఆ దిగుమతిదారు ఇంట్లో 20 కోట్ల డాలర్లకు పైగా నోట్ల కట్టలు దొరికాయి. ఆయన లైసెన్సు తీసుకుని వ్యాపారం చేసిన మనిషే. పేరు మార్చిన కంటైనరు దగ్గరే బోల్తా పడ్డాడు.

పార్టీ అసలుదేనా

నిజమైన మందుల కంపెనీ కొనేటప్పుడు మనల్ని విసిగిస్తుంది. పేజీలకు పేజీల వెండర్ ప్రశ్నావళి పంపుతుంది, ఇంప్యూరిటీ ప్రొఫైల్ అడుగుతుంది, ఆడిట్‌కి వస్తానంటుంది. క్వాలిటీ వాళ్ల సంతకం లేనిదే ఆర్డరు కదలదు. ఇవేవీ అడగని పార్టీ మీదే అనుమానం పెట్టుకోండి. ఏ మందు తయారీకి కొంటున్నారని నేరుగా అడగండి. ఆ మందు పేరు చెప్పలేకపోతే అక్కడితో ఆపేయండి.

మెక్సికోలో మందులు, నియంత్రిత రసాయనాల అనుమతులు చూసేది కోఫెప్రిస్ అనే ప్రభుత్వ సంస్థ. అనుమతి పత్రం పీడీఎఫ్ పంపితే అందులోని ఫోన్ నంబరుకు చేయొద్దు. కోఫెప్రిస్ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న అడ్రసుకు రాయండి. కన్‌సైనీ (సరుకు అందుకునేవారు) ఒకరు, నోటిఫై పార్టీ (సరుకు దిగిందని కబురు అందేవారు) ఇంకొకరు, డబ్బు పంపేది మూడోవారైతే ముగ్గురి కేవైసీ కావాలి. సరుకు గ్వాటెమాలాకనో ఇంకో దేశానికనో చెప్తే ఊరట పడొద్దు. సినలోవా ముఠాలోని చపితోస్ వర్గం మీద 2023 ఏప్రిల్‌లో అమెరికా పెట్టిన కేసుల్లో చైనా అమ్మకందారులతోపాటు గ్వాటెమాలా బ్రోకరు కూడా ఉన్నారు.

కాగితాలు

పేరు చూసి కాదు, క్యాస్ నంబరు (ప్రతి రసాయనానికీ ఉండే అంతర్జాతీయ గుర్తింపు నంబరు) చూసి సరిచూసుకోండి. ఒకే రసాయనానికి పది వ్యాపార పేర్లుంటాయి. బేస్‌కు ఒక నంబరు, హైడ్రోక్లోరైడ్ లవణానికి ఇంకో నంబరు ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో ఒకటే పెట్టుకుని రెండోది వదిలేయడం చాలాచోట్ల జరిగే పొరపాటు. ఐక్యరాజ్యసమితి నార్కోటిక్స్ బోర్డు ప్రచురించే ముడి రసాయనాల జాబితా, రెడ్ లిస్టు, దగ్గర పెట్టుకోండి. ఫెంటనిల్ ముడి రసాయనాల్లో ఎన్‌పీపీ, ఏఎన్‌పీపీ 2017లో, 4-ఏపీ, 1-బాక్-4-ఏపీ 2022లో, 4-పిపెరిడోన్, 1-బాక్-4-పిపెరిడోన్ 2024లో అంతర్జాతీయ నియంత్రణ పట్టికలోకి వచ్చాయి. పిపెరిడోన్‌కు మంచి మందుల్లో బోలెడు వాడకం ఉంది. అందుకే దాని ముసుగులో అడగడం తేలిక.

మన దేశంలో 2013 ఆర్‌సీఎస్ ఆర్డరు (నియంత్రిత రసాయనాల ఉత్తర్వు) ప్రకారం షెడ్యూల్ బి సరుకు ఎగుమతి చేయాలంటే గ్వాలియర్‌లోని నార్కోటిక్స్ కమిషనర్ ఎన్‌వోసీ తప్పనిసరి. ఆ ఆఫీసు కొనే దేశానికి ముందస్తు సమాచారం పంపి, అభ్యంతరం లేదంటేనే వదులుతుంది. టైం పడుతుంది. పార్టీ తొందర పెడితే పెట్టనివ్వండి, ఆ తొందరే ఒక సమాచారం. అంతర్జాతీయ పట్టికలోకి వచ్చింది అదే రోజు మన షెడ్యూల్‌లో కనపడకపోవచ్చు. మన షెడ్యూల్‌లో లేదు కదా అని పంపినా సరుకు దిగే దేశపు చట్టం మాఫీ కాదు. ఆర్‌సీఎస్ నిబంధన మీరితే ఎన్‌డీపీఎస్ చట్టం 25ఏ సెక్షన్ కింద 10 ఏళ్ల దాకా జైలు. కంపెనీ చేసిన తప్పుకు 38వ సెక్షన్ ప్రకారం ఆ పని చూస్తున్న మనిషి కూడా ముద్దాయే. సంతకం పెట్టిన సేల్స్ మేనేజర్లూ, వింటున్నారా.

మిగతావి

డబ్బు క్రిప్టోలో తీసుకోవద్దు. హాంకాంగ్ నుంచో దుబాయ్ నుంచో సంబంధం లేని కంపెనీ పంపితే బ్యాంకు అడిగేదాకా ఆగకుండా మీరే రాతపూర్వకంగా కారణం అడగండి. 2025 జూన్‌లో అమెరికా ఖజానా శాఖ సీఐబాంకో, ఇంటర్‌కామ్, వెక్టర్ అనే మూడు మెక్సికన్ సంస్థల మీద చర్య తీసుకుంది. చైనా ముడిసరుకుకు డబ్బు వాటి ద్వారా వెళ్లిందన్నది ఆరోపణ.

అడ్వాన్సు పుచ్చుకుని తర్వాత ఆలోచిద్దాం అనుకోవద్దు. సరుకు మధ్యలో పట్టుబడితే ఆ డబ్బు వెనక్కి అడిగేవాళ్లు కోర్టుకు వెళ్లరు.

25 కిలోలను కిలో పొట్లాలు చేసి కొరియర్‌లో పంపమంటే పంపొద్దు.

సీవోఏ నుంచి తయారీదారు పేరు, బ్యాచ్ నంబరు తీసేయొద్దు. అదీ లేబుల్ మార్చడమే.

ప్రాడక్టు పేరు బదులు కోడ్ మాత్రం వేయమంటారు. అదీ లేబుల్ మార్చడమే.

ఢిల్లీ ట్రేడర్‌కు లోకల్ సేల్ చేశాం, తర్వాత ఎటుపోయిందో మాకేం తెలుసు అనొద్దు. సరుకు దేనికి వాడతారో రాసిచ్చే ఎండ్ యూజ్ సర్టిఫికెట్ లోకల్ అమ్మకానికీ తీసుకోండి.

రియాక్టరు, షెడ్డు అద్దెకిస్తే తాళం మీ దగ్గరా ఒకటి ఉండాలి. వాళ్ల ముడిసరుకు రిజిస్టరు నెలకోసారి కాదు, వారానికోసారి చూడండి. 2018 సెప్టెంబరులో ఇందౌర్‌లో కేంద్ర రెవెన్యూ నిఘా సంస్థ డీఆర్ఐ పట్టుకున్న ఫెంటనిల్ ల్యాబ్ కేసులో ఒక మెక్సికో పౌరుడు దొరికాడు. 2024 అక్టోబరులో గ్రేటర్ నోయిడా దగ్గర కస్నా పారిశ్రామిక వాడలో కేంద్ర మత్తుమందుల నిరోధక సంస్థ ఎన్‌సీబీ పట్టుకున్న 95 కిలోల మెథాంఫెటమిన్ కేసులో హలిస్కో ముఠా పేరు బయటికొచ్చింది. అదీ మామూలు ఇండస్ట్రియల్ ఏరియానే, మనవాటిలాగే.

ట్యాబ్లెట్ మెషీన్లు, పంచ్‌లు, డైలు అమ్మేవాళ్లకు: ఒకవైపు గడిలో ఎం, ఇంకోవైపు 30 అని చెక్కమంటే అది నకిలీ ఆక్సికోడోన్ బిళ్ల. చెక్కొద్దు. డ్రాయింగు కూడా వేసివ్వొద్దు.

మీరు కాదన్న ఎంక్వైరీని కమీషన్ కోసం పక్క ట్రేడర్‌కు పంపొద్దు. కొరివితో తల గోక్కుని, ఆ కొరివి పక్కింటికి అందించినట్టు.

మీటింగుకు మెక్సికోలోని కూలియకాన్ రమ్మంటే వెళ్లొద్దు. 2024 సెప్టెంబరు నుంచి సినలోవా ముఠా రెండు వర్గాలుగా చీలి ఆ ఊళ్లోనే కొట్టుకుంటోంది.

అనుమానం వచ్చాక చాట్లు డిలీట్ చేయొద్దు. మెయిల్స్, వాట్సాప్ బ్యాకప్, డ్రమ్ముల ఫొటోలు అన్నీ ఉంచండి. సరుకు ఇంకా కదలకపోతే సీహెచ్ఏకి (కస్టమ్స్ ఏజెంటుకు) రాతపూర్వకంగా ఆపమనండి, ఫోన్లో కాదు. ఎన్‌సీబీ వాళ్ల మానస్ హెల్ప్‌లైన్ నంబరు 1933కి చెప్పండి. పాత షిప్‌మెంటు మీద అనుమానం ఉంటే ముందు లాయర్ని కలవండి. సూరత్ కేసులోనూ హైదరాబాద్ కేసులోనూ అరెస్టులు జరిగింది న్యూయార్క్‌లో.

తిరిగొచ్చిన సరుకును కొత్త పేరుతో మళ్లీ ఎక్కించొద్దు. లేబుల్ మార్చొద్దు.

లేబుల్ మీద చెయ్యి వేయాల్సింది ఒక్కసారే. ఖాళీ డ్రమ్ములు స్క్రాప్‌వాళ్లకు అమ్మే ముందు మీ కంపెనీ పేరు చింపేసి, బ్యాచ్ నంబరు గీకేసి, మూతకు రంధ్రం కొట్టి ఇవ్వండి. లేకపోతే మీ డ్రమ్ములో ఎవరి సరుకో మెక్సికోలోని మంజనియో రేవులో దిగుతుంది.